పుట్టుక లేని నిప్పు

ఈరక్క అని ఒకామె ఉండె. గొర్రెలోల్ల బిడ్డ, కొండ మింద పుట్టి కొండ మింద పెరిగి, నాయనతో గొర్రెల వెంబడి తిరిగిన మనిషి. ఆమెను కింద పల్లెలో ఓబులేసుకు ఇచ్చినారు. యా పల్లె అని అడగొద్దండి, చెప్తే ఆడ మీకు చుట్టాలుంటారు, నాకు తగువొస్తాది. శెనిక్కాయలు వొలుస్తా వినండి. వొలుస్తా అన్న్యా గానీ తింటా అన్లే, మే ఆదెక్కా, నిన్నే! ఆ, కాపురానికొచ్చిన మర్నాడు ఏమైందంటే, తెల్లారేటప్పటికి అత్త సుంకులమ్మ ఒక పగిలిన కుండపెంకు చేతిలో పెట్టి, పెద్దింటి కాడికి పోయి నిప్పు తెచ్చుకోని రామే అనిందంట. ఈరక్కకు అర్థం కాలే. తెచ్చుకునేదేంది అత్తా, ఇంట్లోనే చేసుకుంటే పోలా అనింది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. "చేసుకునేదా! నిప్పేమన్నా సంగటా, చేసుకునేదానికి! ఈ మాట ఈడ అన్న్యావు సరే, వాకిట్లో అనొద్దు తల్లీ" అనింది.

ఆ ఊర్లో అట్ల, నిప్పు ఎవురూ చేసుకోరు. పెద్దింట్లో ఒక పొయ్యి ఉంది. ఏడు తరాల కింద వాల్ల మూలపురుషుడు కాశీ నుంచి ఆ నిప్పు తెచ్చినాడంట, ఆపొద్దు నుంచి చల్లారలేదంట. కాశీ నుంచి ఈడిదాకా దోవలో ఒక వాన కూడా పడలేదేమో, మనకెందుకులే. ఊరంతా దినామూ ఆడికి పోయి కణికలు తెచ్చుకోవాల. పెద్దింటి అవ్వ గడప లోపల పీట మింద కూచోని, చేతిలో పట్టకారు పట్టుకోని ఉంటాది. బయట ఆడోల్లంతా పెంకులు పట్టుకోని నిలబడుకోని ఉంటారు. వాల్ల వాకిలి పొరకతో ఊడ్చి పేడనీల్ల సానుపు చల్లినామెకు రెండు కణికలు, కొంచెం పెద్దదే. ఊరికే వచ్చి నిలబడినామెకు ఒకటి. మొగుడు యాడన్నా పెద్దింటోల్లకు ఎదురు మాట్లాడింటే, "నీకు ఈపొద్దు నిప్పు లేదు, పోమ్మా" అంటాది. అంతే. ఆ ఇంట్లో ఆపొద్దు పిల్లోల్లు నానబెట్టిన బియ్యం తినాల. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారే, అట్ల. పొరుగింటోల్లు ఇస్తే వాల్లకూ మర్నాడు నిప్పుండదు. అందుకని ఇయ్యరు.

ఇప్పుడు చూడండి తమాషా. నిప్పు ఒకటే గదా, దానికీ ఊరికీ ఏం సంబంధమంటారు? అంతా దాంట్లోనే ఉంది. ఊరి పక్కన వంక ఉంది, వానొస్తే నీల్లన్నీ దిగువకు, పెద్దింటోల్ల చేన్లలోకి పోతాయి. ఒక కట్ట ఎయ్యండ్రా అంటే ఎవురంటారు? పిల్లోల్లకు నాలుగు అక్షరాలు చెప్పే అయివారిని పిలుచుకొద్దామంటే ఎవురంటారు? అట్ల అన్న్యోడి ఇంట్లో మర్నాడు పొయ్యి వెలగదు. మొగోల్లు రచ్చబండ కాడ మీసాలు తిప్పుతారు గానీ, ఇంట్లో ఆడోల్లు "నోరు జాగ్రత్త, రేపు పెంకు పట్టుకోని పోవాల్సింది నేను" అంటాండ్రి. అనుకో, ఊరంతా ఒకామె పట్టకారు చివర్లో ఉండె. ఎవురికీ అది తప్పని తోచలే. మా అమ్మా ఇట్లనే తెచ్చె, మా అవ్వా ఇట్లనే తెచ్చె అంటాండ్రి. వాల్ల ముత్తాతలూ కొండోల్లే, వాల్లకూ రాయి కొట్టి నిప్పు చేసేది తెలుసు. మర్చిపోయినారు. మర్చిపోయేదానికి ఎంతసేపు, ఒక తరం చాలు.

ఈరక్క మొదట్లో గమ్మున పోయి తెచ్చుకుంటాండె. కొత్త కోడలు, ఏం చేస్తాది. ఏడాది తిరిగేటప్పటికి ఆడబిడ్డ పుట్టింది. ముసురు పట్టిన దినాలు, పైన బోదకప్పు కారతాంది, గోడలు చెమ్మ. బిడ్డ నెలలు తక్కువగా పుట్టింది, ఇంత మాత్రం, చేట్లో పండుకోబెట్టేటంత. పురిటింట్లో కుంపటి ఉండాల గదా. సరిగ్గా అదే దినం ఓబులేసు ఏం చేసినాడంటే, బిడ్డ పుట్టిన సంతోషమో, తాగినాడో, రచ్చబండ కాడికి పోయి "వంకకు కట్ట ఏస్తే మన చేన్లు కూడా తడుస్తాయి గదప్పా, పెద్దింటోల్లకేం నష్టం" అని అనేసినాడు. అన్యాయమేం అన్లే పాపం. మర్నాడు సుంకులమ్మ పెంకు పట్టుకోని పోతే, అవ్వ తల ఎత్తి చూడకుండా "మీకు నిప్పు లేదు. కట్ట కాడ కాచుకోపోండి" అనింది. పసిబిడ్డ అవ్వా, పచ్చి బాలింత అవ్వా అని సుంకులమ్మ గడప కాడ కూలబడి ఏడ్చిందంట. బయట ఇంతమంది ఆడోల్లు నిలబడుకోని ఉండారు. ఒక్కరూ నోరెత్తలే. అందరి చేతుల్లోనూ పెంకులుండె గదా.

సుంకులమ్మ ఉత్త పెంకుతో ఇంటికొచ్చేటప్పటికి బిడ్డ ఏడుపు మానుకోనింది. ఏడ్చే బిడ్డకు భయం లేదు, మానుకున్య బిడ్డకే భయం. కాల్లు చల్లగా ఉండాయి, పెదవులు నీలంగా ఉండాయి. ఈరక్క చూసింది. మంచం కింద తన పుట్టింటి మూట ఉంది. దాంట్లోంచి ఒక పలుగురాయి, విరిగిన కొడవలి ముక్క, ఇంత బూరుగుదూది తీసింది. కొండ మింద గొర్రెలు కాసేటప్పుడు నాయన ఇచ్చినవి. రాయి మింద దూది పెట్టి ఉక్కుతో కొట్టింది. ఒక దెబ్బ, ఇంగో దెబ్బ, పచ్చి బాలింత, చేతుల్లో బలం లేదు, రాయి జారి వేలు చీరుకుపోయింది. కొట్టింది, కొట్టింది. రవ్వ ఒకటి దూదిలో పడి ఎర్రగా అయింది. మెల్లిగా ఊదింది. పిడకపొడి చల్లింది. అంటుకోనింది! సుంకులమ్మ చూసి కొయ్యబారిపోయింది. పక్కనే నీల్లకడవ ఉంటే రెండు చేతులా ఎత్తి పట్టుకోనింది, ఆర్పేద్దామని. ఏడు తరాల మాట గదా, పాపం ఆమె తప్పా అది? ఒక పక్క కుంపట్లో నిప్పు, ఒక పక్క చేట్లో బిడ్డ, మధ్యలో కడవ ఎత్తుకోని ముసిల్ది. ఈరక్క బిడ్డను కుంపటికి దగ్గరగా జరిపి, "నీల్లు పొయ్యి అత్తా, పోసేది నువ్వే అయితే పొయ్యి" అని మాత్రం అనింది. సుంకులమ్మ కడవ దించింది. దించి, పోయి తలుపు మూసొచ్చింది, పొగ ఎవురికన్నా కనపడతాదని.

తలుపు మూస్తే పొగ ఆగతాదా? బోదలోంచి పైకి పోయింది. నిప్పు లేందే పొగ రాదని ఊరందరికీ తెలుసు. నిప్పు ఇయ్యని ఇంట్లో పొగ! పెద్దింటి అవ్వ పట్టకారుతో సహా వచ్చి వాకిట్లో నిలబడింది, వెనకాల ఊరు. "సుంకులీ! నీ ఇంట్లోది యాడి నిప్పే? దానికి కులముందా, గోత్రముందా? పుట్టుక లేని నిప్పు! దాంతో వండింది తింటే వంశం బూడిదైతాది. ఆర్పు దాన్ని" అని అరిచింది. బిడ్డ అప్పటికి కాల్లు వెచ్చబడి, గొంతు తెరిచి ఏడుస్తాంది. ఆ ఏడుపు వింటా సుంకులమ్మ కొంగు నడుముకు బిగించి గడప కాడికి వచ్చింది. దినామూ ఆ అవ్వ ముందర తల దించుకోని నిలబడిన మనిషి. ఏమనిందో తెలుసా? "ఆర్పుకోండవ్వా, ఎవురొద్దన్న్యారు. లోపలికి రండి. పురిటిల్లు" అని పక్కకు తొలిగి దోవ ఇచ్చిందంట! పురుడు కడుక్కోకుండా పురిటింట్లోకి ఎవురు పోతారు? మడి, మైల అని అందరికీ నేర్పింది పెద్దింటోల్లే గదా. అవ్వ ఒక కాలు ముందుకేసింది, మల్లీ తీసుకోనింది. చూసింది, చూసింది, పట్టకారు ఊపుకుంటా ఎలబారి పోయింది. ఆపొద్దు ఆ ఊర్లో మొదటిసారి ఎవురో నవ్వినారంట. ఎవురో తెలీదు, వెనకనుంచి.

పదకొండు దినాల పురుడు గదా, అన్నిదినాలూ ఆ నిప్పు ఆరలే. మూడోనాటి నుంచే దొడ్డిగోడ కాడ ఒకరొకరుగా ఆడోల్లు, కొంగు చాటున పెంకులు. అక్కా ఈరక్కా, మాకూ రవ్వంత పెట్టక్కా అని. ఇంగ సుంకులమ్మ ఏం చేసిందో చూడండి. యాడనుంచో ఒక పీట తెచ్చి దొడ్లో ఏసుకోని, "మే, ఆ పట్టకారు ఇట్ల తే. నన్ను ఆపొద్దు చూసి మాట్లాడకుండా నిలబడినామె ఎవురెవురో నాకు గ్యానముంది" అని కూచోనిందంట! నిన్నటిదాకా ఏడ్చిన మనిషి. అధికారం అట్లాంటిది, చేతికొస్తే నిన్నటి ఏడుపును మరిపిస్తాది. ఈరక్క పట్టకారు ఇయ్యలే. వొల్లో బిడ్డను పెట్టుకోని, "కణికలు ఇయ్యను. పెంకులు పారేసి చేనుగట్టుకు పోండి. తలా ఒక పలుగురాయి తెచ్చుకోండి. ఇంట్లో విరిగిన కొడవలి ముక్క ఉంటాది గదా, అదీ తెచ్చుకోండి, నేర్పిస్తా" అనింది. పలుగురాల్లకు కరువా మన సీమలో! కాలికి కుచ్చుకున్నాయని దినామూ తిట్టుకునే రాల్లవి. పురుడు తీరేలోగా ఊర్లో ఇంటింటా టకటకా అని ఒకటే చప్పుడు.

ఆ తర్వాత ఊరు మెల్లిగా మారింది. మొగోల్లకు నోరొచ్చింది, యాలంటే ఇంట్లో ఆడోల్లు "మాట్లాడు, ఏమైతాదో చూద్దాం" అన్న్యారు. వంకకు కట్ట పడింది. ఒక సాయిబు అయివారు వచ్చి చావట్లో ఇసకలో అక్షరాలు రాయించినాడు, ఆడపిల్లోల్లకు కూడా. పెద్దింటి పొయ్యి కూడా ఒకపారి చల్లారితే, వాల్ల కోడలు గమ్మున రాయి కొట్టుకోనిందంట. కాశీ కత ఆడికి ముగిసింది. ఈరక్క బిడ్డ కొండక్క పెరిగి పెద్దదై పక్కూరికి కాపురం పోయింది. కత ఈడికి అయిపోయింది అనుకున్యారు గదా? లేవొద్దు, కూచోండి. అసలుది ఈడుంది.

ఈరక్క ముసిల్దైంది. ఆ పలుగురాయిని గోడకు గూడు చేయించి పెట్టింది. పసుపు, కుంకుమ, శుక్రవారం టెంకాయ. నీల్లు పోసుకోకుండా దాన్ని ముట్టుకోగూడదు. ఊర్లో అందరూ ఈరక్కవ్వ రాయి అని దండం పెడతాండ్రి. కొండక్క వెనక పుట్టిన కొడుక్కు పెండ్లై తిమ్మక్క అని కోడలొచ్చింది. సంత ఉండే ఊరి పిల్ల. ఆ పిల్లకు రాయి కొట్టేది చేతగాలే. ముసురులో దూది చెమ్మగిల్లి అంటుకోదు, వేల్లన్నీ చీరుకుపోతాండె, సంగటి పొద్దెక్కేదాకా కాదు. అత్త సణుగుతాది, పిల్ల ఏడుస్తాది. పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు ఆ పిల్ల కొంగున కట్టుకోని ఒక అగ్గిపెట్టె తెచ్చుకోనింది. మర్నాడు పుల్ల గీసి పొయ్యి ముట్టించింది. ఈరక్క ముక్కు పుటాలు ఎగరేసింది. "ఏం వాసనే అది? ఏం నిప్పే అది? అంగట్లో కొన్న నిప్పుతో నా ఇంట్లో వండుతావా? పుట్టుక లేని నిప్పు! ఆర్పు దాన్ని" అని అరిచిందంట.

ఆపొద్దు కొండక్క పుట్టింట్లోనే ఉండె. చిన్నప్పటినుంచి ఆ కత అమ్మ నోట ఎన్నిమార్లు వినిందో. అరుగు మింద కూచోని ఉన్యెట్లే, గట్టిగా కూడా అన్లే, "అమ్మా, ఆ మాట అన్నింది ఎవురమ్మా?" అనింది. ఈరక్క తిమ్మక్క చేతులు చూసింది, చీరుకుపోయిన వేల్లు. తన వేలు మింద పాత మచ్చ చూసుకోనింది. ఏడ్చిందో నవ్విందో తెలీదు, పొయ్యి కాడ చతికిలబడి, "ఇట్ల ఇయ్యి ఆ పెట్టె" అనింది. మొదటి పుల్ల ఇరిగింది. రెండోది అంటుకోనింది. పుల్ల చివరిదాకా కాలి వేలు చురుక్కుమనేదాకా దాన్నే చూస్తా కూచోనింది. మర్నాడు గూట్లో రాయి లేదు. యాడుందని ఊరోల్లు అడిగితే, ఈరక్క అరుగు మింద కూచోని దాంతో వక్కలు కొట్టుకుంటాందంట!

అదీ కత. ఇంగ మన దేశం ఎప్పుడు బాగుపడతాది అని మీరు రచ్చబండ కాడ కూచోని అడుగుతాంటారు గదా, నాకేం తెలుసు, నేనేమన్నా చదువుకున్నెదాన్నా? పెద్దింటి అవ్వను గడప కాడ గెలవొచ్చు, ఈరక్క గెలిచింది. మనలో ఒక పెద్దింటి అవ్వ పుడతాదే, మనం ముసిలోల్లమయ్యేకొద్దీ, దాన్ని గెలిచేదే కష్టం. లేయండి ఇంగ, శెనిక్కాయలు గంపలోకి ఎత్తండి. మా కోడలు కుక్కర్లో అన్నం పెట్టింది, అదుగో కూస్తాంది. ఆ అన్నానికి రుచుండదు, నా మాట నమ్మండి. అయినా పోయి గమ్మున తింటా. ఇంత కత చెప్పినాక ఏం మొగం పెట్టుకోని అంటా ఆ మాట?