పాత మోటారు, పదకొండింటి బస్సు

జలాశయం నడిమధ్యలో ఒక చిన్న పడవ ఆగిపోయి ఉంది. వెనక పాత మోటారు దగ్గర అల్లుడు, ముందు బల్ల మీద అత్తగారు. టైము పదీ నలభై.

"అలా గుంజకండి బాబూ, తాడు తెగుతుంది."

"తెగితే తెగనీయండి అత్తయ్యా! పదిహేనుసార్లు లాగాను. భుజం ఊడి చేతికొచ్చేలా ఉంది."

"కోపంగా లాగితే అది మొండికేస్తుంది. ముందు మెల్లగా లాగాలి. లోపల పట్టు తగిలిందా, అప్పుడు ఒక్క గుంజు. మీ మామయ్యగారు దీన్ని బుజ్జగించి లేపేవారు."

"మామయ్యగారికి పదకొండింటి బస్సు తొందర లేదు. నాకుంది."

"మీకెందుకు బాబూ బస్సు? ఎక్కేది అమ్మాయి కదా."

"ఎక్కకుండా ఆపాలనే కదా పొద్దున్నే వచ్చి మిమ్మల్ని బతిమాలింది! రోడ్డు మీద చుట్టూ తిరిగెళ్తే రెండు గంటలు. పడవలో ఇరవై నిమిషాలని మీరే అన్నారు."

"మోటారు ఆడితే ఇరవై నిమిషాలే."

"ఆడట్లేదుగా! ఒడ్డు నుంచి పది నిమిషాలు బాగానే వచ్చింది. సరిగ్గా నడిమధ్యకి రాగానే దగ్గి దగ్గి చచ్చింది. ప్లగ్గు తీసి చూశాం కదా?"

"చూశాం. తుడిచాం కూడా."

"నిప్పురవ్వ వచ్చింది కదా?"

"నిక్షేపంగా వచ్చింది."

"మరి దీనికేం రోగం?"

"ముప్ఫై ఏళ్ల మోటారు బాబూ, ఏదో ఒకటి ఉంటుంది. కాసేపు చల్లారనివ్వండి."

"ఇది చల్లారేలోపు అక్కడ బస్సెళ్లిపోతుంది. ఇదేంటి, పెట్రోలు పైపు మధ్యలో ఈ రబ్బరు బుడ్డ? నొక్కితే నొక్కినట్టే అతుక్కుపోయింది, మళ్లీ ఉబ్బట్లేదు. అసలు పెట్రోలుందా?"

"పొద్దున్నే పోశాను. నూనె కూడా కొలిచి కలిపాను."

"ఏమో, నేను చూస్తాను. ట్యాంకు మూత తీస్తున్నా."

"వద్దు, వద్దు బాబూ, నీళ్లు చింది లోపల పడితే..."

"తీసేశాను. ఉంది, నిండా ఉంది. విన్నారా, మూత తిప్పగానే బుస్సుమంది."

"పాత ట్యాంకు కదా, మూలుగుతుంది. మూత ఇటివ్వండి, నేను పెడతాను. మీరు పెడితే వంకరగా కూచుంటుంది."

"అమ్మయ్య! బుడ్డ ఉబ్బింది అత్తయ్యా. లాగుతున్నా... అందుకుంది! చూశారా, అందుకుంది!"

"అందుకుంది. మీ చేతి చలవ."

"గట్టిగా పట్టుకుని కూచోండి, వేగం పెంచుతున్నా. పది నిమిషాలు చాలు. ఆ తెల్ల మేడ దగ్గరేగా బస్టాండు?"

"దాని వెనకే. బయల్దేరేముందు డ్రైవరు రెండుసార్లు హారన్ కొడతాడు, నీళ్ల మీద ఇక్కడిదాకా వినిపిస్తుంది."

"ఇంకా కొట్టలేదు కదా?"

"ఇంకా లేదు."

"చాలు. దిగుతూనే పరిగెత్తి తన చెయ్యి పట్టుకుని..."

"పట్టుకుని?"

"మాట్లాడతాను."

"మొన్న మాట్లాడారు కదా బాబూ."

"అది మాట్లాడటం కాదు, పోట్లాట. నేనూ నోరు పారేసుకున్నాను. తను మాత్రం తక్కువ తిందా? సరే, ఒప్పుకుంటాను, ముందు... ఏయ్, ఏయ్, ఏమైంది? మళ్లీ దగ్గుతోంది! వద్దే తల్లీ, ఆగకు, ఇంకొక్క ఐదు నిమిషాలు..."

"ఆగిపోయింది బాబూ."

"తెలుస్తూనే ఉంది! తెడ్లు ఇటివ్వండి. తెడ్డు వేసుకునైనా పోతాను."

"తెడ్లు తేలేదు."

"ఏంటీ?"

"ఒడ్డున ఉండిపోయాయి. మర్చిపోయాను."

"పద్దెనిమిదేళ్లుగా పడవ నడుపుతున్నారు. తెడ్లు మర్చిపోయారా? అదీ ఇవాళే?"

"వయసు మీద పడుతోంది బాబూ."

"నా ఖర్మ! నేను ఫోన్ చేస్తే తియ్యట్లేదు. మీరు చెయ్యండి. అమ్మ ఫోనయితే తీస్తుంది."

"ఛార్జింగ్ లేదు."

"అదీ లేదు! ఇంకేం లేవో అవి కూడా ఒకేసారి చెప్పేయండి!"

"అరవకండి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరుగా?"

"అడగండి."

"అమ్మాయికి ఆ ఉద్యోగం కాగితం వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఎందుకు?"

"ఊరికే."

"నాకేం తెలుసు. పోస్టులో ఆలస్యంగా వచ్చిందేమో."

"ఆలస్యంగా వచ్చిందా, ఆలస్యంగా కనిపించిందా?"

"తను చెప్పిందా మీకు?"

"అదేం చెబుతుంది? మొన్న వచ్చింది, ఒక పూట గోడకేసి చూస్తూ కూచుంది, నిన్న పడవెక్కి అవతల పిన్ని ఇంటికెళ్లింది. అన్నం కూడా తినలేదు."

"సరే! దాచాను. నెలరోజులు నా పాఠాల పుస్తకాల కింద దాచాను. మొన్న వెతికి పట్టుకుంది, చేరడానికి రేపే ఆఖరు రోజు. చాలా?"

"ఎందుకు దాచారు బాబూ?"

"పోతుందని! ఆ ఊరెళ్లాక నాతో పనేముంటుంది? వారానికోసారి వస్తానంటుంది. తర్వాత నెలకోసారి అవుతుంది. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ. నాకు భయం వేసింది అత్తయ్యా, అంతే. భయపడటం కూడా తప్పేనా?"

"భయం తప్పు కాదు. ఆ మాట దానితో అనుంటే సరిపోయేది."

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ వెధవ మోటారు..."

"దాన్నేమీ అనకండి."

"అనక నెత్తిన పెట్టుకోమంటారా?"

"మీ మామయ్యగారు పోయాక ఈ తాడు లాగీ లాగీ అమ్మాయిని చదివించాను. చూడండి నా అరచెయ్యి. వానలోనూ వచ్చింది, నా ఒళ్లు కాలిపోతున్నప్పుడూ వచ్చింది. ఒక్కసారి కూడా నన్ను నడినీళ్లలో వదిలెయ్యలేదు."

"మరి ఇవాళ వదిలేసిందిగా!"

"అనాలంటే నన్ననండి బాబూ."

"చూడండి, నేను తప్పే చేశాను. దిగగానే తన కాళ్లయినా పట్టుకుంటాను. బస్సు మాత్రం ఎక్కనివ్వను. ఒక్క రోజు ఆగితే చాలు."

"ఒక్క రోజు ఆగితే ఉద్యోగం పోతుంది బాబూ."

"పోతే పోనీండి. నేను లేనా?"

"అంతేనంటారా?"

"అంతే. ఇంకో మాట లేదు. ఈసారి చోక్ లాగి చూస్తాను. అందుకో... అందుకోవే... అరచేయి బొబ్బలెక్కింది అత్తయ్యా... ఆగండి. అదేంటి?"

"హారన్."

"ఒకటేగా?"

"రెండోది కూడా కొట్టాడు."

"అయిపోయింది. వెళ్లిపోయింది. చూడండి, అదిగో, చెట్ల వెనక దుమ్ము లేస్తోంది. ఛీ! సైన్సు మాస్టారిని, ఎనిమిదో తరగతికి గాలి ఒత్తిడి పాఠం నేనే చెబుతాను. ఈ తుక్కు మోటారుకేమైందో కనుక్కోలేకపోయాను!"

"దానికేం కాలేదు బాబూ. ట్యాంకు మూత మీద చిన్న మర ఉంది చూడండి, లోపలికి గాలి వెళ్లే దారి అదే. అది మూసుకుపోతే పెట్రోలు రాదు. ఒడ్డునే నా చేత్తో బిగించాను. ఇక రెండు చుట్లు వదలండి, ఒక్క లాగుకే అందుకుంటుంది."