సరస్సు నిద్రపోలేదు

నా పేరు కంఫర్ట్ న్యార్కో. వయసు యాభై. కుమాసి నగరంలో, కేజెటియా మార్కెట్లో గుడ్డల వ్యాపారం. హైస్కూలు వరకు చదివాను. మెథడిస్టు సంఘంలో స్త్రీల రాత్రి ప్రార్థన కూటం నడుపుతాను. మేజిస్ట్రేటు గారి ఎదుట, బైబిలు మీద చెయ్యి పెట్టి, నాకు తెలిసినంతవరకే చెబుతున్నాను.

ముద్దాయి అకోసువా డాన్సో కొట్టు నా కొట్టు పక్కనే. నన్ను అక్కా అంటుంది. వేరే మిల్లు నీలం గుడ్డను ఆమె ‘సరస్సు నిద్రపోలేదు’ అని పిలిచి అమ్మిందని, ఆ పేరు తమ సొత్తని అసియామా గుడ్డల అచ్చు కంపెనీ వారు ఫిర్యాదు చేశారు. ఆమె కొట్టుకు తాళం పడింది. ఆ కొట్టు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

మా దగ్గర గుడ్డకు పేరు మిల్లు పెట్టదు, మార్కెట్టు పెడుతుంది. పేరు రాని గుడ్డ అరలోనే ముసలిదైపోతుంది.

ఆరేళ్ల కిందట, పొడిగాలులు వీచే రోజుల్లో, తెల్లవారుజామున నాకొక కల వచ్చింది. మా అమ్మమ్మ బొసుమ్చి సరస్సులో నడుము లోతున నిలబడి నీలం గుడ్డ జాడిస్తోంది. నీళ్ల అడుగున ఎవరో దీపం పట్టుకుని నడుస్తున్నట్టు వెలుగు వలయాలు ఒకదాని తరవాత ఒకటి వెలుగుతున్నాయి. నీళ్లు చప్పుడు చెయ్యలేదు. అమ్మమ్మ తల ఎత్తలేదు. జాడించింది, మళ్లీ జాడించింది. లేచి చూసుకుంటే నా చేతులు పొడిగానే ఉన్నాయి, గదిలో మాత్రం నీటి వాసన. కీర్తన చదువుకుని కొట్టు తెరిచాను.

ఆ ఉదయం కంపెనీ యజమాని క్వాజో అసియామా గారు వచ్చి, నా ముక్కాలిపీట మీద కూర్చుని, కాల్చిన అరటికాయ, వేరుశనగలు తింటున్నారు. కల సంగతి చెప్పాను. “ఆ వలయాలు ఎంతెంత ఉన్నాయమ్మా? వేలితో చూపించు” అన్నారు. బల్ల మీది దుమ్ములో గీసి చూపించాను. ఆయన దగ్గర పనిచేసే చిత్రకారుడు డిజైను గీశాడు. వానలు మొదలయ్యాక మొదటి బేలు వచ్చింది.

బేలు విప్పి గుడ్డను తాడు మీద వేలాడదీశాం. ఆ నీలం కింద నిలబడితే మార్కెట్టు మాటలన్నీ దూరంగా, నీళ్లలోంచి వినిపించినట్టు వినిపించాయి. అకోసువా దాన్ని చేత్తో నిమిరి, “ఈ సరస్సూ మా అక్క లాంటిదే. ఊరంతా పడుకున్నా ఇది నిద్రపోదు” అంది. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి ఒబువాసి ఊరి నుంచి బేరానికి వచ్చిన ఒకామె “నిద్రపోని సరస్సు ఉందటగా, చూపించండి” అని అడిగింది. పేరు అలా నిలిచింది.

కిందటి ఏడాది అసియామా గారు పోయారు. ఆయన సొంతూరు ఎజుసులో శనివారం అంత్యక్రియలు. చావుకు కట్టే ఎరుపు, నలుపు కట్టుకుని వెళ్లాం. నన్ను మాట్లాడమన్నారు. “గుడ్డ ఇచ్చావు, పేరు ఇచ్చావు, సరస్సును నిద్ర లేపావు” అన్నాను. మా వైపు శోకం అలాగే ఉంటుంది. ఊరికి రోడ్డు వేయించింది ఆయనేనని ఒకాయన అన్నాడు. ఆ రోడ్డు సర్కారు వేసింది. ఆయనకు కోపమన్నదే తెలియదని ఇంకొకరు అన్నప్పుడు, ఆయన భార్య తల వంచుకుని నవ్వింది. పోయినవారికి ఆ రోజు మంచివన్నీ ఇచ్చేస్తాం.

పక్క కుర్చీలో సెలోమ్ అనే యువకుడు ఉన్నాడు. అసియామా గారి కొడుకు, యా అని పేరు, కంపెనీని అమ్మదలిచి, వెల కట్టడానికి అక్రా నుంచి పిలిపించిన మనిషి. “అయితే ఆ పేరు ఆయనే పెట్టారన్నమాట, అమ్మా?” అని అడిగాడు. “ఈ రోజు అన్నీ ఆయనవే నాయనా” అన్నాను. అతను తల ఊపాడు. అర్థమైందనుకున్నాను. నా మాటలు ఫోనులో రికార్డు చేశాడని తరవాత తెలిసింది.

వారం తరవాత మార్కెట్టుకు వచ్చాడు. “యంత్రాలు పాతవి, షెడ్డు కారుతోంది. కంపెనీ విలువంతా ఆ డిజైనులో, ఆ పేరులో ఉందమ్మా. దాన్ని మేధో సంపత్తి అంటాం” అన్నాడు.

అకోసువా ఊరుకోదు కదా. “కంటికి కనబడదు, తూకానికి రాదు, అయినా అన్నిటికంటే ఖరీదు. మా అక్క ప్రార్థన లాంటిదేనా బాబూ?”

“దాదాపు అలాంటిదే” అని అతనూ నవ్వాడు. కొట్టుకు తాళం పడుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఈ ఉదయం కోర్టు వరండాలో ఆ కొడుకు యా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు నేనెత్తుకున్న బిడ్డే.

“అత్తా, పేరు మాది కాదని నువ్వు చెబితే కొనేవాళ్లు వెనక్కి పోతారు. నాన్న కంపెనీ మూతపడుతుంది. పనివాళ్ల గతేంటి?”

“డిజైను మీదే నాయనా. మీ మనిషి గీసిందే. అది ఎక్కడైనా చెబుతాను.”

“డిజైను ఎవడైనా గీస్తాడు. జనం అడిగేది పేరే.”

“పేరు అడిగే నోళ్లే పేరు పెట్టాయి” అన్నాను. వాడు లేచి వెళ్లిపోయాడు. నాకు బాధ కలిగింది. ఇప్పటికీ ఉంది.

కంపెనీ వకీలు గారు ఆ రికార్డు వినిపించారు. గొంతు నాదే. ఆ మాటలు వెనక్కి తీసుకుంటారా అని అడిగారు. తీసుకోను. వాటిని అసియామా గారికి దారిబత్తెంగా ఇచ్చాను. ఆయన వెంట తీసుకుపోయారు, కంపెనీలో వదిలి వెళ్లలేదు. వదలనిదాన్ని కొడుకు అమ్మలేడు. ఆ గుడ్డకు పేరు పెట్టింది అకోసువా డాన్సో. అందరం వాడుకుంటున్నాం, ఆమె ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. దేవుడు వింటుండగా చెప్పిన నిజం ఇది.

(సంతకం) కంఫర్ట్ న్యార్కో