సిగ్నీ గారి నలభయ్యో ఓటు

ఓటేశావా తాతా అంటావేమిటమ్మాయ్, పొద్దున్నే వేసొచ్చాను. కూర్చో. మీ తాత మెర్లూ నేనూ పన్నెండేళ్ళు ఒక్క ఓటూ వెయ్యలేదు, తెలుసా? నవ్వకు. అప్పుడది మహా తెలివనుకున్నాం. వాడు డెమొక్రాట్, నేను రిపబ్లికన్. ఎన్నికలేమో సరిగ్గా పొద్దుతిరుగుడు కోతల్లో వచ్చిపడేవి. "ఒరే మెర్ల్, నీ ఓటుకీ నా ఓటుకీ ఎలాగూ చెల్లు. ఇద్దరం మానేస్తే ఓ పూట కోత కలిసొస్తుంది కదరా" అన్నది నేనే. నా బుర్రలో పుట్టిన తెలివికి నష్టపోయేది ఎప్పుడూ ఊరే. మమ్మల్ని చూసి అన్నదమ్ములు, మొగుడూ పెళ్ళాలు, అందరూ జతలు కట్టేశారు. నమ్మకం చాలనివాళ్ళు ఆ రోజల్లా ఒకరింట్లో ఒకరు కూర్చుని, కాఫీ తాగుతూ కాపలా కాసుకునేవాళ్ళు.

ఇదంతా పోయి పోయి సిగ్నీ ట్వెటెన్ గారి నెత్తిన పడింది. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు దాటిందిలే. మన ఊరి హాల్లో పోలింగు నడిపేది ఆవిడే. చీపురుపుల్లలా ఉండేది, గొంతు మాత్రం మూడు పొలాల అవతలికి వినపడేది. ఆవిడ చేతి లెఫ్సాలుండేవే, బంగాళదుంప రొట్టెలు, వెన్న రాసి చక్కెర చల్లి... ఆఁ, ఎక్కడిదాకా వచ్చాను? ఆ ఏడు కౌంటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి నలభై ఓట్లు పడకపోతే ఇక్కడ పోలింగు ఎత్తేస్తాం, ముప్ఫై మైళ్ళు వచ్చి వేసుకోండి అని. అంతకుముందు పడింది ఒక్కటంటే ఒక్కటి. బడి పోయింది, పోస్టాఫీసు పోయింది, ఇదీ పోతే ఇంక ఊరని దేన్ననాలి?

మర్నాడు ఆవిడ వచ్చి నా కోతమిషనుకి అడ్డంగా నిలబడింది. "దిగవయ్యా. నువ్వూ మెర్లూ కలిస్తే ఎంత?" అంది. "సున్నానండీ" అన్నాను, లెక్క వచ్చినవాడిలా. "పోటీ చేసేవాళ్ళకి సున్నా. నాకు రెండు! మంగళవారం పోలింగుకి ఇద్దరూ ఒకే బండిలో తగలడండి." అలా ప్రతి జతనీ వెంటపడి తిట్టొచ్చింది.

వచ్చారమ్మా, పెళ్ళికొచ్చినట్టు జంటలు జంటలుగా. పంతొమ్మిది జతలు, ఏ జతా దొరకని మా పాస్టరు గారొకరు. ముప్ఫైతొమ్మిది. తలుపులు మూసే వేళయింది, రోడ్డు మీద ఒక్క బండి లేదు. మీ తాతే నెమ్మదిగా అడిగాడు, "ఏమండీ, మీరు వేశారా?" అని.

ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీ దిక్కుమాలిన తెలివి మా ఇంట్లోనూ దూరిందయ్యా. మా ఆయన హాల్వరూ నేనూ అదే మాటనుకున్నాం. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇక్కడికి రాలేడుగా. ఆయన రాలేనప్పుడు నేనొక్కదాన్నీ వేస్తే దొంగతనం కాదూ?" అంది. హాల్వర్ గారు మీ తాతని మించిన డెమొక్రాట్. ఈవిడ మా పార్టీ, ఎముకల దాకా. గోడ గడియారం వంక చూసింది. చటుక్కున లేచి ఓటు కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపుంది.

నలభై! పోలింగు నిలబడింది. లెక్కపెట్టడానికి పార్టీకొకడు ఉండాలి కదా, మీ తాతా నేనూ కూర్చున్నాం. మనూళ్ళో ఎవరిది ఏ పార్టీయో కుక్కలక్కూడా తెలుసు. జతల లెక్కన అటు పంతొమ్మిది, ఇటు పంతొమ్మిది, పాస్టరు గారితో మాకు ఇరవై. సిగ్నీ గారితో ఇరవయ్యొకటి కావాలి. పెట్టె తెరిచి లెక్కపెడితే ఇరవై, ఇరవై.

మీ తాత నా మొహంలోకి చూశాడు. ఆవిడ అటు తిరిగి కాఫీ కప్పులు కడుగుతోంది. "ఇంకోసారి లెక్కపెడదామట్రా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అక్కర్లేదురా" అన్నాను.

...

మీ అమ్మ మోకాలు ఎలా ఉందిప్పుడు?