నాచారం సర్వర్ మీద నలభై వేల మంది

గొంతులో గుక్కెడు చాయ్ పడితే చాలు, బిక్షపతి కాపాడని కంప్యూటర్ లోకంలో ఉండదు. నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో సర్వర్ చూసుకునేది ఆయనే. ఆ మధ్యాహ్నం కంపెనీ ఎదురుగా చాయ్ బండి దగ్గర ఆయన మాటలు వింటున్నది ఇద్దరు. ఒకరు ఏఎస్ రావు నగర్లో రక్తపరీక్షల ల్యాబ్ నడిపే జనార్ధనరావు. ల్యాబ్ కంప్యూటర్ల పని అప్పజెప్పడానికి మనిషి ఎలాంటివాడో చూసిపోదామని వచ్చాడు. ఇంకొకరు అదే కంపెనీలో సరుకు లారీలకెక్కించే డిస్పాచ్‌లో పనిచేసే దోర్కా. అన్నకు నాలుగు రాళ్లు వచ్చే పని, మధ్యలో మనకెందుకని ఆమె నోరు మూసుకుని సమోసా తింటోంది.

"ఎవడో మా సర్వర్ పాస్‌వర్డ్ కోసం తడుముతున్నడు సార్. నేనేం జేసిన? ఫెయిల్ టు బ్యాన్ అని ఒక కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టిన. ఓపెన్ సోర్స్‌ది. పైస ఇయ్యనక్కర లేదు, లోపల ఎట్ల రాసిన్రో ఎవరన్న సూడొచ్చు. మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే, అది ఏ నెట్ కనెక్షన్ కెళ్లి వచ్చిందో ఆ అడ్రస్‌కు గేటు బంద్!"

"మంచి పనే" అన్నాడు జనార్ధనరావు.

అంతవరకు నిజమేనని దోర్కాకూ తెలుసు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పొద్దుగాల ఒక్కడు, పదింటికి నాలుగొందల మంది, పగటీలికి నలభై వేల మంది! ఒక్కొక్కన్ని బంద్ జేసుకుంట పోతాంటే కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయినయ్."

"కాపలా సాఫ్ట్‌వేర్ దానంతటదే బంద్ చేయదా?"

"చేస్తది సార్, గని దానికి దమ్మొచ్చింది. జర కూసోమని నేనే అందుకున్న. వైర్‌షార్క్ అని ఇంకోటి ఉంటది, అది గూడ ఫ్రీనే. నెట్‌వర్క్‌ల ఏం పోతుందో అంతా సూపెడ్తది. అండ్లకెళ్లి సూస్తే ఆ హ్యాకర్ పొద్దుగాల ఉప్మా తిన్నడని గూడ తెలిసింది!"

"ఉప్మానా?"

"జీడిపప్పు ఏసింది. ఇగ నాకు కోపమొచ్చి, వాడు పంపిందంతా ఒక్క ఎంటర్ కొట్టి వాపస్ పంపిన. వాళ్ల ఊర్ల మూడు రోజులు కరెంటు లేదు. నాలుగోనాడు ఫోన్, తెలుగుల! 'బిక్షపతన్నా, తప్పైంది, జర గేటు తీయి' అని ఒకటే ఏడుపు."

జనార్ధనరావు నవ్వాడు. "కోతలు ఎట్లున్నా పని తెలిసినోడివే. రేపటిసంది మా ల్యాబ్ చూసుకో. పేషెంట్ల రిపోర్టులన్నీ నీ చేతులనే పెడ్త."

దోర్కా సమోసా పక్కన పెట్టింది. వాళ్లమ్మ షుగర్ రిపోర్టులు ఆ ల్యాబ్‌వే. వాటిని చూసే దవాఖానాలో మందు రాస్తారు.

"అన్నా" అంది మెల్లగా. "ఆ దినం మూడుసార్లు తప్పు కొట్టింది నువ్వే గదా? క్యాప్స్ లాక్ పడ్డది సూస్కోలే. ఆఫీసంతటికి నెట్ అడ్రస్ ఒక్కటేనాయె, అందరికీ గేటు బంద్ అయింది. బిల్లులు తీయరాక రెండింటిదాంక లారీలు కదల్లే. ఆఖరికి నా ఫోన్ నెట్ తీస్కొని, దాంతోని లోపలికి పోయి తెరిస్తివి."

బిక్షపతి బండివాడి వైపు చూశాడు. బండివాడు పాలగిన్నె వైపు చూశాడు.

"మరి ఆ నలభై వేల మంది?" అడిగాడు జనార్ధనరావు.

"ఇరవై ఆరుగురం సార్" అంది దోర్కా. " అందరం మా ఆఫీసోళ్లమే."