రేకు కంటే పల్చటి బంగారం

మొహం అలా ముడుచుకుంటావేంటే దుర్గాశ్రీ? మూడొందలు దాటింది మీ అమ్మమ్మ నెత్తురులో షుగరు గాని, నీ నెత్తురులో కాదుగా!

నువ్వు సూది గుచ్చినప్పుడు నేను పెట్టిన కేకకి గోదాట్లో పులసలన్నీ వెనక్కి తిరిగి సముద్రంలోకి పారిపోయుంటాయి. భయమా? నాకా? అదేం లేదు తల్లీ!

ఏదీ, మళ్ళీ చెప్పు. కాకినాడ కాలేజీలో నువ్వు చేసిన ఈ అట్టముక్క మీద బంగారం ఉందా? మరి నాకు కనిపించదేం? ఆత్రేయపురంలో యాభై ఏళ్ళు పూతరేకులు తీసిన కళ్ళే ఇవి! నేను తీసిన రేకులోంచి చూస్తే ఎదురింటి మొగుడూపెళ్ళాల గొడవ కూడా కనపడేది. దాన్ని వెయ్యి పొరలుగా చీలిస్తే, అందులో ఒక పొరంత బంగారు నలుసులా? ఓయమ్మో! అవి ఒక్క నెత్తురు చుక్కలోనే తీపిని పట్టేస్తాయా? చీమలు సిగ్గుతో చచ్చిపోవూ!

ఉండుండు, మళ్ళీ గుచ్చకు. కాస్త ఊపిరి తీసుకోనీ.

మా అక్క ఆదిలక్ష్మికీ ఇలాగే మొదలైంది. ముందు బొటనవేలు తియ్యాలన్నారు. తర్వాత పాదమన్నారు. ఆసుపత్రి నుంచి తెచ్చేటప్పటికి మోకాలి కింద ఏమీ లేదు. "లోవా, లేని కాలు దురద పెడుతోందే, కాస్త గోకవే" అనేది. నేను ఉత్త దుప్పటిని గోకేదాన్ని.

ఏంటీ? చేతికి పంచదార అంటుకున్నా ఎక్కువ చూపిస్తుందా? ఆయ్, అదే అయ్యుంటుంది! పొద్దున్నించీ రేకులు చుడుతూనే ఉన్నానుగా. లేదా నీ అట్టముక్కే కుదర్లేదంటావా? అదీ బానే ఉంది. అవతల పారేసి ఇంకోటి చేసుకో.

అయ్యో, ఏడుస్తావేంటే? రెండేళ్ళ కష్టమా? మళ్ళీ మొదటికొచ్చిందా?

ఒసేయ్, ఆగు. పారెయ్యకు. ఇలా తే దాన్ని.

ఇందాక నువ్వొస్తూ వీధి మలుపులో కనిపించగానే, పరీక్ష చేస్తావని పెరట్లోకి పరిగెత్తేను. సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నాను. గోళ్ళ సందుల్లో కూడా. చేతికున్న తీపి కూడా నా నెత్తురు ఖాతాలో రాసేస్తుందేమోనని భయం. ఆ తర్వాత రేకు ముట్టుకోలేదు.

నీ ముక్క నిజమే చెప్పిందే.

కన్నీళ్ళు తుడుచుకుని ఇలా దగ్గరికి రా. నా కాళ్ళు కాస్త గట్టిగా పట్టుకో. రెండూ పట్టుకో... ఇంకా ఉన్నాయిగా.