రిస్కు, ఇష్యూ

వంటింట్లో భార్య గిన్నెలు తుడుస్తోంది. రేపు ఆమెకు బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. భర్త స్టూలు మీద కూర్చుని, ఫోన్లో చూస్తూ ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

“స్టేక్‌హోల్డర్ అంటే?”

“పనిలో చెయ్యి పెట్టకుండా, అది ఎలా జరగాలో మాత్రం చెప్పే పెద్దమనిషి.”

“రేపు అలాగే చెప్పు, ఉద్యోగం చేతిలో పెట్టి పంపిస్తారు. ఏదీ, ఒక ఉదాహరణ?”

“స్టూలు మీద కూర్చుని ఉన్నారు.”

“చాల్లే. అజంప్షన్?”

“ఎవర్నీ అడక్కుండా, నిజమేనని మనకి మనమే అనుకోవడం. రేపు పాపని మీరు చూసుకుంటారని నేను అనుకున్నట్టు.”

“రేపా? రేపు నాకు మీటింగుందే!”

“ఎప్పుడు చెప్పారు?”

“ఇప్పుడు చెప్తున్నాగా.”

“అప్పుడే ఏం తొందర? నేను ఇంటర్వ్యూలో కూర్చున్నాక చెప్పాల్సింది.”

“కోప్పడకు. దీన్నేగా రిస్క్ అంటారు? చూశావా, నాకూ వచ్చేస్తున్నాయి మాటలు!”

“రాలేదండీ. జరగొచ్చు, జరక్కపోవచ్చు అనుకునేదాన్ని రిస్క్ అంటారు. జరిగిపోయి నెత్తిమీద కూర్చున్నదాన్ని ఇష్యూ అంటారు.”

“రెంటికీ తేడా ఏంటట?”

“ఇందాకటిదాకా మీరు రిస్కు. ఇప్పుడు ఇష్యూ.”