ఆఖరి ఎపిసోడ్ మర్నాడు

ఎడపల్లిలో ప్రహరీకి ఈవల ఆమె ఒంటరి, ఆవల ఆయన ఒంటరి. ఏడాదిగా ఇద్దరినీ రోజూ గోడ దగ్గరికి రప్పించింది ఒక టీవీ సీరియల్‌లోని హత్య. నిన్నటితో అదీ అయిపోయింది. హంతకుడు కాంపౌండరే, ఆయన మొదటినుంచీ అంటున్నట్టే. ఆమె కళ్లారా చూసింది. ఇక గోడ దగ్గర మాట్లాడడానికి ఏముంది?

"చంపింది ఎవలట చెల్లె?"

"నువ్వు సూడలేదా అన్నా?"

"యాడ సూడాలె? సరిగ్గ గప్పుడే కరెంట్ పాయె."

ఆమె నిలబడిపోయింది. రెండిళ్లకూ ఒకటే కరెంటు స్తంభం. పైగా నిన్న ఆయన టీవీ మోత ఆఖరిదాకా గోడ దాటి వినబడుతూనే ఉంది.

"మా ఇంట్ల గూడ పోయిందన్నా," అంది మెల్లగా.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మరి నీ లెక్కల ఎవలు?"

"వకీలే. కోటు నలుపు, కడుపుల గూడ నలుపే."

"నీ వకీలుకు నా వకాల్తా లేదు! కాంపౌండరే. సూది కన్న వాని సూపు సురుకు."

"సాక్ష్యమేది?"

"మస్తున్నది. మొదటి ఎపిసోడ్ కాడికెల్లి చెప్పాలె. రెండు వందల డెబ్బై ఉన్నయి."

"రోజుకు ఒక్కటే చెప్పన్నా."